రైళ్ళు రాని సొరంగం

అలేఖ్య సైకిలు వెనక ఎర్రదీపం కాసేపు అటూ ఇటూ ఊగుతూ కనిపించింది, తర్వాత కుంకుమబొట్టంత అయింది, తర్వాత లేదు. నేనింకా సొరంగం నోట్లోనే ఉన్నాను, సగం ఎండలో, సగం చలిలో. "సీ యూ అట్ ది అదర్ ఎండ్, అమృతాంటీ" అని ఒక కేక వేసి వెళ్ళిపోయింది, పన్నెండేళ్ళ పిల్ల, పొడుగు కాళ్ళు, పసుపుపచ్చ హెల్మెట్టు. నాకు సైకిలు రాదు, అందుకే నడక. ఇందులోంచి ఒకప్పుడు రైళ్ళు పోయేవట, ఈ కొండల్లో బంగారం తవ్వే రోజుల్లో. నేను పుట్టకముందే ఆగిపోయాయి. పట్టాలు పీకేసి, అవి ఉన్నచోట సన్నకంకర పరిచి, సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు, శనివారం వస్తే జనం పిల్లల్నీ కుక్కల్నీ వెంటేసుకుని వచ్చి తిరుగుతారు. కిలోమీటరు పొడుగు, ఎక్కడా వంకర లేదు, అవతలి చివర తెల్లటి చుక్క ఒకటి కనిపిస్తోంది, సూది బెజ్జమంత. పిల్ల అక్కడ ఆగుతుంది. ఎక్కడికి పోతుంది, పోవడానికి ఇంకో దారి లేదు కదా. ఇటుకల తడివాసన, మసి వాసన కూడా, లేదంటే మసి వాసన నేనే ఊహించుకుంటున్నానేమో, అన్నేళ్ళు మసి ఎక్కడ నిలుస్తుంది. స్వెటర్ గుండీలు పెట్టుకుని నడవడం మొదలుపెట్టాను.

ఇక్కడికి రావాలన్నది తనే. కరంగహాకే అనే ఆ లోయ పేరు నేను తడుముకుంటుంటే నవ్వకుండా రెండుసార్లు పలికి చూపించింది. వాళ్ళమ్మ హేమశ్రీ ఉన్నప్పుడు ప్రతి ఈస్టర్ సెలవుల్లోనూ ముగ్గురూ వచ్చేవాళ్ళట, డబ్బాల్లో పులిహోర పెట్టుకుని. ఈసారి మా ఆయన ఉదయభాస్కర్‌కి ఆఫీసులో పని, శనివారం కూడా లాప్‌టాప్ ముందే, నిజమే, కానీ పని లేకపోయినా ఆయన వచ్చేవాడు కాదనుకుంటా, హేమశ్రీ పోయాక ఈ వైపు కారు తిప్పలేదు. "నువ్వు తీసుకెళ్తావా? వెళ్ళేలోపు ఒకసారి చూస్తానంటోంది" అన్నాడు నా మొహం చూడకుండా. వెళ్ళేలోపు. అంటే వెళ్ళడం ఖాయమైపోయినట్టేనా? మెల్‌బోర్న్‌లో హేమశ్రీ చెల్లెలు గిరిజ ఉంది. పాపని నా దగ్గరికి పంపండి బావగారూ, ఇక్కడే స్కూల్లో వేద్దాం, నా పిల్లలతో పాటే పెరుగుతుంది అందట. అంతకంటే ముందు అలేఖ్యే ఆమెకి ఫోన్ చేసి అడిగిందట. ఈ సెలవులు అయ్యేలోపు ఏదో ఒకటి చెప్పాలి. ఉదయభాస్కర్ ఆ సంగతి చెప్పినప్పుడు నేను సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాను, చేతిమీద వేడినీళ్ళు పడుతూనే ఉన్నాయి, రెండేళ్ళుగా లోపల బిగబట్టి ఉంచిన ఊపిరేదో మెల్లగా వదులైంది. అమ్మయ్య. నా మనసే ఆ మాటనింది, అన్న వెంటనే సిగ్గుతో చచ్చిపోయాను. పిల్ల మీద కోపం లేదు, ఒట్టు, పిల్ల మీద ఎప్పుడూ లేదు. పిల్ల పోతే ఆవిడ కూడా పోతుంది కదా అని. ఆవిడంటే హేమశ్రీ. పోయి అయిదేళ్ళయింది, ఇంట్లోంచి కదల్లేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, పాపకూర అనే పేటలో నేను పనిచేసే మందుల షాపుకి వెళ్దామని ఆయన కారెక్కి, సీటు సరిచేసుకోవడానికి తలుపు పక్కనున్న మీటల్లో రెండోది నొక్కాను. సీటు దానంతటదే కదిలింది. ముందుకు జరిగింది, పైకి లేచింది, వీపు నిటారుగా నిలిపింది, పక్క అద్దాలు కూడా మెల్లగా కిందికి వంగాయి. నాకంటే పొట్టి మనిషి, స్టీరింగుకి దగ్గరగా జరిగి డ్రైవ్ చేసే మనిషి, నన్ను లేపకుండానే వచ్చి తన చోట్లో కూర్చున్నట్టు. మోకాళ్ళు నొక్కుకుపోతుంటే కాసేపు అట్లాగే ఉండిపోయాను, ఆమె చూసిన ఎత్తులోంచి మేముండే ఫ్లాట్ బుష్ వీధి చూస్తూ, ఒకే అచ్చులో పోసిన ఇళ్ళు, ఒకే రంగు గరాజు తలుపులు. ఆ మీట మీద ఆవిడ కొలత చెరిపి నాది ఎక్కించుకోవచ్చు, ఒక నిమిషం పని, ఎక్కించలేదు. పక్కింటి ముసలావిడ నన్ను హేమా అని పిలిచి, సారీ డియర్ అని, మళ్ళీ వారం అట్లాగే పిలుస్తుంది. కుండీలో కరివేపాకు మొక్క ఉంది, చలికాలం లోపలికి తెచ్చి హీటరు దగ్గర పెట్టాలి, నేను రెబ్బ తుంచుకున్నప్పుడల్లా ఎవరినో అడిగి తుంచుకున్నట్టుంటుంది. నేను ఎర్రగడ్డలంటే వాళ్ళకి ఉల్లిపాయలు. నేను వేరుశెనగల్ని చెనిక్కాయలంటే తండ్రీ కూతురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. నా గుంతకల్లు మాట మెల్లమెల్లగా నోట్లోనే ముడుచుకుపోయింది, వాళ్ళ కాకినాడ మాట, ఆవిడ మాట, నా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అలేఖ్య తెలుగు మాట్లాడేది ఎప్పుడో ఒకసారి, అదీ ఒకే రకం వాక్యం. అమ్మ అలా కొయ్యదు. అమ్మ అందులో చక్కెర వెయ్యదు. కొయ్యదు, వెయ్యదు, మడతపెట్టదు. ఎన్నడూ కోసేది కాదు అనదు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ వంటింట్లో నా వెనకే నిలబడి ఉంటుంది, జానెడు దూరంలో, నా కత్తిపీట వైపు చూస్తూ.

తెల్లచుక్క పెద్దదవడం లేదు. ఎంత నడిచినా అంతే. గోడకు దీపాలున్నాయి గానీ, అవి వెలుగు ఇవ్వడానికి కాదు, చీకటి ఎంతుందో చూపించడానికే అన్నట్టున్నాయి. పైనుంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక బొట్టు సరిగ్గా మెడ మీద పడి స్వెటర్ లోపలికి జారింది, చలికి ముడుచుకుంటే మెళ్ళో బిళ్ళ చల్లగా రొమ్ముకి తగిలింది. మా జేజి, అంటే మా నాయనమ్మ, పట్టుబట్టి చేయించిన బిళ్ళ. పెండ్లాం చచ్చిపోయినోణ్ణి చేసుకుంటాండావు, పోయినామె పేరు మీద మెళ్ళో బంగారు బిళ్ళ ఏసుకోవల్ల, పసుపు పూసుకునేటప్పుడు ముందు దానికి పూసి తర్వాత నువ్వు పూసుకోవల్ల, లేకుంటే ఆమె ఊరుకోదు అనింది. ఊరుకోకపోతే ఏం చేస్తుంది జేజీ అని నవ్వాను. "ఏమీ చేయదు. నీతోనే ఉంటాది" అనింది. బిళ్ళ వేసుకున్నాను, పసుపూ పూశాను. అయినా నాతోనే ఉంది. గుంతకల్లులో మా ఇల్లు పట్టాల పక్కనే, గూడ్సుబండి పోతే అలమారలో స్టీలు గ్లాసులు గలగలమనేవి, ఆ మోతలోనే నిద్రపోయేదాన్ని. పొద్దుగూకినాక ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకి పలకొద్దు అనేది జేజి, మనిషైతే మూడు మాట్లు పిలుస్తారు, మనిషి కానిది ఒక్కసారే పిలుస్తాది. ఇప్పుడు కూడా ఒళ్ళు దానంతటదే అరికాళ్ళలో బండి అదురు కోసం చూస్తోంది. ఏ బండీ రాదు. రాదని తెలిసినా గోడవారకే నడుస్తున్నాను. గోడలో అక్కడక్కడా గూళ్ళున్నాయి, ఒక మనిషి ఒదిగి నిలబడేంతవి, రైలొచ్చినప్పుడు పనివాళ్ళు అందులోకి తప్పుకునేవాళ్ళేమో. మొదటిదాంట్లోకి ఫోన్ టార్చి వేసి చూశాను, తడి ఇటుకలు, చిప్స్ కవరు. ఆ తర్వాతవి చూడబుద్ధి కాలేదు. ఖాళీగా ఉన్నా భయమే, ఖాళీగా లేకపోయినా భయమే.

నేను ఆ పిల్లని ఒక్క మాట అన్నది లేదు. ఈ రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి. మా అమ్మ నన్ను రోజుకి పదిసార్లు తిట్టేది, తలదువ్వుతూ తిట్టేది, అన్నం పెడుతూ తిట్టేది, జ్వరమొస్తే మరీ తిట్టేది, ఆ తిట్ల మధ్యలోనే పెరిగి పెద్దదాన్నయ్యాను. కానీ ఇక్కడ నేను అమ్మని కాదు, సవతి తల్లిని. ఆ మాట ఎవరూ అనరు, ఉగాది ఫంక్షన్‌లో ఆంటీలు పిల్లని దగ్గరికి తీసుకుని, ఏం తింటున్నావు నాన్నా, సన్నబడ్డావేంటి అని అడుగుతూ నా వైపు చూస్తారు చూడు, ఆ చూపులో ఉంటుంది. ఆదివారం ఆదివారం కాకినాడ నుంచి పార్వతమ్మగారు వీడియో కాల్ చేస్తారు, హేమశ్రీ అమ్మగారు, నన్ను అమ్మా అనే పిలుస్తారు పాపం, మంచావిడే, పిల్ల ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే ఏం చెబుతోందో అని నా గుండె కొట్టుకుంటుంది. చెప్పడానికేం లేదు, అయినా కొట్టుకుంటుంది. గాజు జాడీ పగలగొడితే ఫర్వాలేదమ్మా అన్నాను. నా కొత్త చున్నీ కత్తిరించి స్కూలు ప్రాజెక్టుకి అంటిస్తే చాలా బాగుంది అన్నాను. చెప్పకుండా ఫ్రెండ్ ఇంటికి వెళ్ళి చీకటిపడ్డాక వస్తే, తిన్నావా అని అడిగాను. అడుగుతూ లోపల పళ్ళు కొరుక్కున్నాను. ప్లీజ్ అంటాను, థాంక్యూ అంటాను, హోటల్లో పనిచేసేదానిలా. అలేఖ్య నా మొహంలోకి అదోలా చూస్తుంది అప్పుడు, ఏదో కనిపిస్తుందేమోనని ఎదురుచూసినట్టు, తర్వాత తన గదిలోకి వెళ్ళిపోతుంది. నేనంటే ఇష్టం లేదు, అంతే అనుకున్నాను. ఇష్టం లేకపోతే ఏం చేస్తాం. మెల్‌బోర్న్‌లో అయినా సుఖంగా ఉండనీ.

ఎదురుగా దీపాలు, రెండు. ఒక్క క్షణం కాళ్ళు కదల్లేదు. తర్వాత గంట మోగింది, సైకిలు గంట. ముసలి కివీ జంట, ఈ దేశపు తెల్లవాళ్ళు, అవతలి చివర నుంచి వస్తున్నారు, పక్కకి తప్పుకుంటే చీర్స్ అంటూ దాటబోయారు. ఏమనిపించిందో, ఆపి అడిగాను, పసుపుపచ్చ హెల్మెట్టు పెట్టుకున్న అమ్మాయి చివర నిలబడి ఉందా అని. ఆ ముసలామె ఒక కాలు కింద పెట్టి ఆలోచించింది. ఎవరూ లేరే, మేం అక్కడ చాలాసేపు కూర్చుని టీ తాగాం, అమ్మాయెవరూ బయటికి రాలేదు. మరి లోపల? లోపలా ఎవరూ ఎదురుకాలేదు. "యూ ఆల్‌రైట్, లవ్?" అంది. ఆల్‌రైట్ అన్నాను. వెళ్ళిపోయారు. వాళ్ళ దీపాలు నా వెనక చిన్నవైపోతుంటే అప్పుడు అర్థమైంది ఆ ముసలామె చెప్పింది. నేను వచ్చిన వైపు నుంచి బయటికి పోలేదు, పోతే నన్ను దాటే పోవాలి. అవతలి నుంచీ పోలేదు. ఇది తిన్నని సొరంగం, పక్కదారుల్లేవు, తలుపుల్లేవు, ఒక పిల్ల, ఒక సైకిలు, ఎర్రదీపం ఇందులోకి వెళ్ళి లేకుండా పోయాయి. ఫోన్ చూశాను, సిగ్నల్ లేదు. పడిపోయిందేమో, పడితే వాళ్ళు చూసేవాళ్ళు కదా. ఎవరైనా, ఎవరైనా ఏమైనా, వద్దు, ఆ ఆలోచన వద్దు. ఒక పిచ్చి ఆలోచన మాత్రం ఆపేలోపే వచ్చేసింది, హేమశ్రీ తీసుకుపోయిందని. నాకు ఇవ్వడం ఇష్టం లేక, చెల్లెలికి ఇవ్వడం కూడా ఇష్టం లేక, తన పిల్లని తను తీసుకుపోయిందని.

"అలేఖ్యా!"

నా గొంతు ముందుకు పోయి, ఎక్కడో తగిలి, ఇంకెవరిదో అయి తిరిగొచ్చింది. లేఖ్యా, ఖ్యా, యా. మళ్ళీ పిలిచాను. పరుగెత్తడం మొదలుపెట్టాను, ఒక అడుగు నీళ్ళలో పడింది, బూటు నిండింది, పరుగెత్తుతూనే పిలిచాను, తెలుగులో పిలిచాను, ఇంగ్లీషులో పిలిచాను, అల్లీ అని స్కూల్లో పిలిచే పేరుతో కూడా పిలిచాను. ప్రతిసారీ ముందు నా గొంతు, దాని వెనకే ఇంకో ఆడదాని గొంతు, నాకంటే సన్నగా, నాకంటే భయంగా. ఒకరం కాదు ఇద్దరం వెతుకుతున్నట్టుంది. నాకెందుకో ఆ రెండో గొంతంటే అప్పుడు భయం వెయ్యలేదు. వెతుకు, నువ్వు కూడా వెతుకు, నీకు ఈ చోటు తెలుసు కదా, ఎక్కడుందో చెప్పు అన్నాను, పైకే అన్నానో లోపలే అనుకున్నానో తెలీదు. టార్చి గోడల మీద ఎగురుతోంది. గూళ్ళలోకి చూస్తున్నాను ఇప్పుడు, ఒక్కటీ వదలకుండా, ఇటు పక్క, అటు పక్క, ఖాళీ, ఖాళీ, నీళ్ళు, ఖాళీ. అప్పుడొక గూట్లో ఏదో తళుక్కుమంది, చక్రం కమ్మికి తగిలించే తెల్లటి రేకు. సైకిలు నిలువుగా ఎత్తి గోడకి ఆనించి ఉంది, దీపం ఆర్పేసి ఉంది. దాని వెనక, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని, అలేఖ్య. దెబ్బ లేదు, ఏడుపు లేదు. కళ్ళు విప్పార్చుకుని నన్నే చూస్తోంది. ఇంతసేపూ వింటూనే ఉంది.

"యాడికి పోయినావనుకున్నా! ఇంతసేపు పిలుస్తాంటే పలికేదానికేమి నీకు? నోరు పడిపోయిందా? పానం పోతాంది నాకీడ! ఏమన్నా అయితే మీ నాయనకు ఏమని చెప్పల్ల నేను? బుద్ధుందా నీకు? లెయ్, లెయ్ ముందు పైకి!"

చెయ్యి పట్టుకుని గుంజి లేపాను. భుజాలు పట్టుకుని ఊపాను కూడా. అన్ని మాటలూ సొరంగం పొడుగునా దొర్లుకుంటూ పోయాయి, గుంతకల్లు మాటలు, రెండేళ్ళుగా నోట్లో దాచుకున్నవి. తర్వాత అంతా సద్దుమణిగి నీళ్ళ చప్పుడు మిగిలింది, నా చేతులు ఇంకా ఆ పిల్ల భుజాల మీదే ఉన్నాయి, వేళ్ళు గట్టిగా దిగి ఉన్నాయి. అయిపోయింది అనుకున్నాను. ఇంతకాలం దేనికి భయపడ్డానో అది చేసేశాను, ఇప్పుడు కాకినాడకి తెలుస్తుంది, మెల్‌బోర్న్‌కి తెలుస్తుంది. చేతులు తీశాను. అలేఖ్య భుజం రుద్దుకోలేదు, వెనక్కి జరగలేదు. మళ్ళీ గూటి అంచు మీద కూర్చుంది, కొంచెం పక్కకి జరిగి కూర్చుంది, అంటే నాకు చోటు వదిలిందనుకోవాలి. నేనూ కూర్చున్నాను. టార్చి నేలకేసి పట్టుకున్నాను, మొహాలు కనపడకుండా. తనే మొదలుపెట్టింది, ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ. ఆరేళ్ళప్పుడు ఇక్కడే దాక్కున్నానని, ఈ గూడో పక్కదో గుర్తులేదు గానీ ఇటు పక్కేనని. ఆటకి దాక్కుందట. వాళ్ళమ్మ మొదట నవ్వుతూ పిలిచిందట, తర్వాత నవ్వు ఆగిపోయి పిలిచిందట, ఆ చివర నుంచి ఈ చివర దాకా. దొరికాక బాగా తిట్టిందట.

"నాన్న ఫోన్లో వీడియోలున్నాయి కదా, వాటిల్లో అమ్మ స్మైల్ అంటుంది. లుక్ హియర్ అంటుంది" అంది. "అది కాదు. నా కోసం వెతికేటప్పటి వాయిస్. అది మర్చిపోయాను. ఎంత ట్రై చేసినా రావట్లేదు."

నేను తడిసిన బూటు విప్పి, నీళ్ళు ఒంపి, మళ్ళీ తొడుక్కున్నాను.

"ఇక్కడ అందరి వాయిసూ మారిపోతుంది. ఆంటీ దూరంగా ఉన్నప్పుడు, పిలుస్తుంటే, అచ్చం అమ్మే. దగ్గరికొచ్చేకొద్దీ ఆంటీ అయిపోయింది. అందుకే పలకలేదు. పలికితే ఆగిపోతుంది కదా." ముక్కు ఎగబీల్చింది. గిరిజ పిన్ని కోప్పడితే కూడా అచ్చం అమ్మలాగే ఉంటుందట, ఫోన్లో వాళ్ళ పిల్లల్ని కోప్పడుతుంటే కళ్ళు మూసుకుని వింటుందట. అందుకే అక్కడికి వెళ్తానని అడిగిందట. "ఇంట్లో నన్నెవరూ తిట్టరు. నాన్న ఓకే అంటాడు. ఆంటీ సారీ అంటుంది, తప్పు నేను చేసినా."

"ఇప్పుడు తిట్టినా కదా."

"సగం అర్థం కాలేదు." ఏడుపులోంచే ఒక చిన్న నవ్వు ఊడిపడింది. "చెప్పల్ల అంటే ఏంటి?"

చెప్పాలి అని చెప్పాను. మాకాడ అట్లా అంటారు అన్నాను. చెప్పల్ల, పోవల్ల, తినల్ల. తను పెదాలు కదిలిస్తూ అనుకుంది, పోవల్ల, తినల్ల. మా ముందునుంచి ఎవరో ఒకాయన చంటిపిల్లని బండిలో తోసుకుంటూ వెళ్ళాడు, మమ్మల్ని చూసి ఉలిక్కిపడి, హలో అని, వేగంగా వెళ్ళిపోయాడు. చీకట్లో గూట్లో కూర్చున్న ఇద్దరాడవాళ్ళు, ఆయనకి మేమేమనిపించామో. ఆ చప్పుడు పోయేదాకా ఆగి, అలేఖ్య నా స్వెటర్ చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది. "ఇంకోసారి పిలవవా? దూరం నుంచి." తెలుగులో అంది. ఇంతకాలం ఇంగ్లీషు యూ చాటున నేను తనకి నువ్వునో మీరునో నాకే తెలియలేదు. పిలవరా అనలేదు, పిలవవా అంది.

లేచాను. వచ్చిన వైపే వెనక్కి నడిచాను, చీకటి ఎక్కువ ఉన్న వైపు. ఫోన్ ఆర్పేసి నిలబడ్డాను. పిలిచాను. "అలా కాదు" అని దూరం నుంచి సన్నగా వినిపించింది, "నిజంగా పిలువు." నిజంగా ఎట్లా పిలుస్తారు, ఎక్కడుందో తెలిసిన పిల్లని. కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు ఇక్కడే, ఇట్లాగే, ఈ తడి ఇటుకల మధ్య, స్టీరింగుకి దగ్గరగా జరిగి కూర్చునే ఆ పొట్టి మనిషి పరుగెత్తి ఉంటుంది, బూట్లలో నీళ్ళు నిండి ఉంటాయి, ఖాళీ, ఖాళీ అనుకుంటూ ఒక్కో గూడూ చూసుకుంటూ. మరుసటేడు ఈస్టరుకి ఆవిడ లేదు. అప్పటికే తెలుసా ఆవిడకి? ఒంట్లో ఏదో మొదలైందని తెలిసి, ఇంకా ఎవరికీ చెప్పకుండా, పులిహోర కలుపుకుని ఇక్కడికి వచ్చిందా? పిల్ల కనపడకపోతే ఏమనుకుంది, నేను ఉండగానే ఇట్లా అయితే, నేను పోయాక దీన్ని ఎవరు వెతుకుతారు అనుకుందా? ఆవిడ ఎట్లా నవ్వుతుందో ఫోటోల్లో చూశాను, ఎట్లా కోస్తుందో, ఎట్లా మడతపెడుతుందో రెండేళ్ళుగా విన్నాను, ఆవిడ భయం మాత్రం నాకు ఇవాళే తెలిసింది. ఇందాక నా గొంతులో ఉన్నది అదే. కడుపులోంచి లేచింది, ఆపుకోలేదు, అలేఖ్యా అని అరిచాను, పేరు చివర పగిలిపోయింది. సొరంగం దాన్ని తీసుకుని మార్చుకుంది, ముందుకు మోసుకుపోయింది. ఎవరిదో నాకు తెలీలేదు ఆ గొంతు. నీళ్ళ చుక్క ఒకటి, ఇంకొకటి.

"వస్తున్నా!"

చాలా చిన్నపిల్ల గొంతు. ఆరేళ్ళ పిల్ల గొంతు. అది నాకు చెప్పిన జవాబు కాదు, నాకు తెలుసు, అయినా చీకట్లో నిలబడి పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాను. తర్వాత ఎర్రదీపం వెలిగింది, తెల్లదీపం వెలిగింది, సైకిలు నడిపించుకుంటూ నా వైపు వచ్చింది. మొహం తుడుచుకోలేదు. నేనూ తుడవలేదు. "పోవల్లా?" అంది. పోదాం అన్నాను. పక్కపక్కనే నడిచాం, మధ్యలో సైకిలు, దాని చక్రం టికటికమంటోంది, ఈసారి తెల్లచుక్క పెరగడం తెలిసింది, పిడికెడయింది, కిటికీ అంతయింది, అందులో ఫెర్న్ ఆకులు కనిపించాయి, కొండ కనిపించింది, ఒక్కసారిగా ఎండ.

బయటికి రాగానే ఫోన్ టింగుమంది. ఉదయభాస్కర్. అంతా ఓకేనా, గిరిజ మళ్ళీ ఫోన్ చేసింది, స్కూలు వాళ్ళకి సోమవారం చెప్పాలంటోంది. అలేఖ్య నా భుజం మీదుగా చదివేసింది. నేను ఫోన్ దాచలేదు. ఆంటీ, నువ్వు వెళ్ళమంటావా అని అడుగుతుందేమో, అడిగితే ఏం చెప్పాలి అని గాభరాపడ్డాను, మనసు రెండు నాలుకలతో మాట్లాడుతోంది. తను అడగలేదు. హెల్మెట్టు పెట్టుకుని, పట్టీ బిగించుకుంటూ, కింద పారుతున్న నదివైపు చూస్తూ అంది, జూలై సెలవులకి వెళ్తానని చెప్పమని.

"సెలవులకేనా?"

"సెలవులకే. పిన్ని బాగా తిడుతుంది. టూ వీక్స్ చాలు."

టైప్ చేసి పంపించాక కూడా ఆ రెండు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఒకసారి వెనక్కి తిరిగి సొరంగంలోకి చూశాను. ఎండలోంచి చూస్తే లోపల ఏమీ కనపడదు, ఉత్త నలుపు. ఆవిడ అందులో ఉండిపోయిందని నేను అనుకోలేదు. మాతోనే బయటికి వచ్చింది, కారు దాకా వస్తుంది, ఇంటికీ వస్తుంది. రానీ అనుకున్నాను, అనుకుంటే ఇందాకటంత బరువుగా లేదు, తేలిగ్గానూ లేదు.

కారు దగ్గరికి సొరంగం లోంచి కాకుండా నది ఒడ్డున ఇంకో దారుంది, ఇరుకు దారి, ఒక పక్క కొండ, ఒక పక్క లోతుగా నీళ్ళు, రాళ్ళ మీద తెల్లగా విరుగుతూ. అలేఖ్య సైకిలెక్కి అప్పుడే సగం దూరం పోయింది, పెడళ్ళ మీద నిలబడి తొక్కుతోంది, ముందు దారి బండరాయి చుట్టూ తిరిగి కనపడకుండా పోతోంది, పక్కన కంచె లేదు. "ఏయ్, దిగు! మలుపు కాడ దిగి నడువు!" అని అరిచాను. ఇక్కడ మారుమోగడానికి గోడల్లేవు, నది సగం మింగేసింది. మిగిలింది నా గొంతే, బొంగురు గొంతు, ఇంకెవరిదీ అవడానికి వీల్లేనిది. బ్రేకు కీచుమంది. అలేఖ్య ఒక కాలు కింద పెట్టి, సైకిలు దిగి, వెనక్కి తిరిగి చూడకుండానే నేను వచ్చేదాకా అక్కడే నిలబడింది.